కరవది నుంచి కావేరీ తీరానికి: నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా జీవితం

నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా సాహెబ్ 1924 మే 12న ఒంగోలుకు చేరువలోని కరవది గ్రామంలో జన్మించారు. 1999 ఏప్రిల్ 13న శ్రీరంగంలో కన్నుమూశారు. పుట్టిన ఊరు తెలుగు నేల, పోయిన ఊరు తమిళ నేల. ఆయన సాధించినదంతా ఈ రెండింటి నడుమ సాగిన ప్రయాణంలోనే ఉంది. పద్మశ్రీ, సంగీత కళానిధి వంటి గౌరవాలు ఆయన పేరుకు ముందు చేరాయి. వాటికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. వంశపారంపర్యంగా సంక్రమించిన విద్య చేతిలో ఉండగా, దానితో బతుకుదెరువుకు లోటు లేని స్థితిలో, ఆయన మళ్లీ మొదటి పాఠం దగ్గర శిష్యుడిగా కూర్చున్నారు. అదీ తన భాష కాని చోట, తన మతం కాని గురువుల ఇంట.

కరవది నేడు ప్రకాశం జిల్లాలో ఉంది. చెన్నై నుంచి విజయవాడకు వెళ్లే ప్రధాన రైలు మార్గంలో ఒంగోలు దాటగానే ఆ ఊరి స్టేషను వస్తుంది. చినమౌలానా పుట్టేనాటికి ప్రకాశం జిల్లా లేదు. ఒంగోలు ప్రాంతం గుంటూరు జిల్లాలో భాగం, గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. అంటే కరవది, కుంభకోణం అప్పట్లో ఒకే పాలన కింద ఉన్న ఊళ్లు. ఒక తెలుగు యువకుడు సంగీతం కోసం కావేరీ తీరానికి వెళ్లడం ఆ రోజుల్లో పొరుగు రాష్ట్రానికి పోవడం కాదు. అయినా భాష వేరు, ఆచారం వేరు, సంగీతపు బాణీ వేరు.

ఆయన కుటుంబానికి సుమారు మూడు వందల ఏళ్ల నాదస్వర చరిత్ర ఉందని ఆ వంశీకులు చెప్పుకుంటారు. గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేట ప్రాంతాలలో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఈ వాద్యాన్ని వృత్తిగా స్వీకరించాయి. దేవాలయాల్లో సుప్రభాత సేవ మొదలు ఏకాంత సేవ దాకా, ఊరేగింపుల్లో, కల్యాణోత్సవాల్లో, ఊళ్లో జరిగే ప్రతి పెళ్లిలో వారి మేళమే మోగేది. తెలుగు పెళ్లిలో మాంగల్యధారణ వేళ గట్టిమేళం వాయించే సన్నాయి విద్వాంసుడు ఏ మతస్థుడని ఎవరూ అడిగేవారు కాదు. కొత్తగా చూసేవారికి ఇది వింత. ఆ ప్రాంతపు వారికి మాత్రం ఇందులో చెప్పుకోదగిన సంగతే లేదు. ఊరి గుడికి పూజారి ఎలాగో, ఆ గుడికి మేళగాడూ అలాగే. ఇంటి దగ్గర నమాజు, గుడి దగ్గర నాదస్వరం: ఆ కుటుంబాల దినచర్యలో ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు వచ్చినవి కావు.

తొలి గురువు తండ్రి కాసిం సాహెబే. నాదస్వరం చేత పట్టించే ముందు గాత్రంగా పాడించడం ఈ విద్యలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు గొంతులో నిలబడిన తరువాతే వాద్యం నోటికి చేరుతుంది. పాడలేనిది ఊదలేరన్నది ఆ ఇళ్లలోని నమ్మకం. తండ్రి దగ్గర పునాది పడ్డాక చినమౌలానా చిలకలూరిపేటకు చెందిన ప్రసిద్ధ విద్వాంసులు షేక్ ఆదం సాహెబ్ వద్ద శిష్యరికం చేశారు. ఆంధ్ర ప్రాంతపు నాదస్వర సంప్రదాయంలో ఆనాటికి అంతకు మించిన శిక్షణ దొరకడం కష్టం. అక్కడితో ఆగినా ఆయన తెలుగు జిల్లాల్లో పేరున్న విద్వాంసుడిగా, పెళ్లిళ్ల సీజనులో తీరిక లేని మేళగాడిగా జీవితం గడిపేసి ఉండేవారు.

ఆయన ఎందుకు ఆగలేదో అర్థం కావాలంటే ఈ వాద్యం స్వభావం కొంత తెలియాలి. నాదస్వరం రెండున్నర అడుగులకు పైగా పొడవుండే కర్ర గొట్టం. పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అడుగున గంట ఆకారంలో విచ్చుకున్న భాగాన్ని అణసు అంటారు. గొట్టాన్ని తమిళంలో ఆచ్చా అనే గట్టి కర్రతో చేస్తారు. పచ్చి కర్ర పనికిరాదు. పాత ఇళ్ల దూలాలు, స్తంభాల నుంచి తీసిన, ఏళ్ల తరబడి ఆరిన కర్రకే మంచి నాదం పలుకుతుందని తయారీదారుల అనుభవం. కుంభకోణం సమీపంలోని నరసింగంపేట ఈ వాద్యాల తయారీకి పెట్టింది పేరు. నోట పెట్టుకొనే రెల్లు పీకను శీవాళి అంటారు. వేళ్లతో మూయడానికి ఏడు రంధ్రాలు, నాదాన్ని సరిచేయడానికి అడుగున మరో ఐదు రంధ్రాలు ఉంటాయి. అవసరాన్ని బట్టి ఆ ఐదింటిలో కొన్నింటిని మైనంతో మూస్తారు.

ఇందులో మీటలు లేవు, తీగలు లేవు. ఒక స్వరాన్ని కాస్త పైకి లేపాలన్నా, కిందికి దించాలన్నా, గమకం పలికించాలన్నా ఊపిరి ఒత్తిడి, పెదవుల పట్టు, రంధ్రాన్ని సగం మూసే వేలి కదలిక మాత్రమే ఆధారం. సాహిత్యంలోని అక్షరాల విరుపు వినిపించాలంటే నాలుకతో గాలిని తుంచి ఊదాలి. ఆ ఊదుడును తుత్తుకారం అంటారు. పొట్టిగా, హెచ్చు శ్రుతిలో ఉండే తిమిరి వాద్యాన్ని ఊదడానికి ఒక రకం బలం చాలు. పొడవుగా, తగ్గు శ్రుతిలో ఉండే బారి వాద్యానికి వేరే రకం ఊపిరి కావాలి. పక్కన మోగే డోలు ఏమీ సౌమ్యమైన వాద్యం కాదు. ఒక పక్క కర్రతో, మరో పక్క వేళ్లకు గట్టి తొడుగులు వేసుకొని వాయించే ఆ డోలు జోరుకు దీటుగా నిలుస్తూనే రాగంలోని సున్నితాన్ని పోగొట్టుకోకుండా ఉండటమే నాదస్వర విద్వాంసుడికి అసలు పరీక్ష.

ఇది ఆరుబయట పుట్టిన వాద్యం. రథవీధిలో నడుస్తూ, మైకు లేని కాలంలో వేలమందికి వినిపించాల్సిన వాద్యం. అలాంటి వాద్యాలకు ప్రపంచమంతటా ఒకే రకమైన చిక్కు ఎదురైంది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ వీధుల్లో జాజ్ సంగీతం పుట్టినప్పుడు ఊరేగింపు బృందాలకు మంద్ర నాదం ఇచ్చింది ట్యూబా. అదీ నాదస్వరంలాగే క్రమంగా వెడల్పయ్యే గొట్టమే, కాకపోతే ఇత్తడిది, చుట్టలు చుట్టినది. సంగీతం వీధి వదిలి హాలులోకి, నృత్యశాలలోకి చేరాక 1930వ దశకం నాటికి ట్యూబా స్థానాన్ని తీగలున్న డబుల్ బేస్ ఆక్రమించింది. 1949, 1950 సంవత్సరాల్లో మైల్స్ డేవిస్ తొమ్మిదిమంది బృందం చేసిన రికార్డింగుల్లో బిల్ బార్బర్ ట్యూబాను మళ్లీ వినిపించారు. 1957లో రే డ్రేపర్ అనే యువకుడు జాన్ కోల్ట్రేన్‌తో కలిసి దాన్ని ప్రధాన వాద్యంగా పలికించారు. ఊరేగింపుల మోత వాద్యమని పేరుపడ్డ దానితో రాగం పలికించవచ్చని వారు చూపాల్సి వచ్చింది. దక్షిణ భారతంలో అదే పనిని నాదస్వరంతో చేసినవారు తిరువావడుదురై టి.ఎన్. రాజరత్నం పిళ్ళై.

1898లో జన్మించి 1956లో మరణించిన రాజరత్నం పిళ్ళై నాదస్వర చరిత్రను రెండుగా చీల్చిన మనిషి. అప్పటిదాకా శ్రుతి కోసం పక్కన ఒత్తు ఊదేవారు. ఆయన దాని స్థానంలో తంబురాను తెచ్చారు. నరసింగంపేటకు చెందిన రంగనాథన్ ఆచారితో కలిసి తగ్గు శ్రుతి బారి వాద్యాన్ని కచేరీకి తగినట్లుగా తీర్చిదిద్దించారు. నాదస్వర విద్వాంసుడు ఊరేగింపు ముందు నడిచే సేవకుడు కాదని, గాయకుడితో సమానంగా వేదికపై కూర్చోవాల్సిన కళాకారుడని పట్టుబట్టి సాధించారు. ఆయన తోడి రాగం గ్రామఫోను రికార్డుల ద్వారా దక్షిణాది అంతటా చేరింది. ఆ నాదం చినమౌలానాను పట్టి లాగింది. తన ప్రాంతపు నాదస్వరంలో తాను వినని లోతు ఏదో అందులో ఉందని ఆయన గుర్తించారు. గుర్తించడం ఒక ఎత్తు. దాన్ని వెతుక్కుంటూ వెళ్లడం మరో ఎత్తు.

ఆయన వెళ్లిన చోటు కుంభకోణం సమీపంలోని నాచ్చియార్‌కోయిల్. వైష్ణవ దివ్యదేశాలలో ఒకటైన ఆ క్షేత్రం రాతి గరుడ సేవకు, ఇత్తడి దీపస్తంభాలకు ప్రసిద్ధం. అక్కడి నాదస్వర విద్వాంసులు రాజం, దురైక్కణ్ణు సోదరుల వద్ద ఆయన తంజావూరు బాణీ అభ్యసించారు. కావేరీ డెల్టాలో నాదస్వరం ఇసై వేళాళర్ సముదాయానికి వంశపారంపర్య విద్య. కొడుకులు, మేనల్లుళ్లు, అల్లుళ్ల మధ్యనే గుట్టుగా తిరిగే సొత్తు అది. గురువు ఇంట్లోనే ఉంటూ, ఆ ఇంటి మనిషిలా మెలుగుతూ, మేళంలో పక్కవాద్యంగా ఊదుతూ నేర్చుకోవాల్సిన విద్య. ఒక తెలుగు ముస్లిం అలాంటి చోట శిష్యుడిగా చేరాడంటే అది శిష్యుడి పట్టుదల ఎంతో, గురువుల ఉదారతా అంతే. ఈ రెండో సంగతిని చినమౌలానా గురించి చెప్పేవారు తరచు మరిచిపోతారు. పరాయివాడికి తలుపు తెరిచిన ఆ సోదరులకు ఈ కథలో సగం వాటా దక్కాలి.

ఆంధ్ర ప్రాంతంలో విన్న దానికీ, తంజావూరులో నేర్చిన దానికీ తేడా ఎక్కడుంది? ప్రధానంగా కాలంలో. పెళ్లి పందిట్లో మేళగాడికి దొరికేది తక్కువ సమయం. తంతుల మధ్య కీర్తన, పాట, మళ్లీ తంతు. కావేరీ తీరపు దేవాలయోత్సవాల్లో పరిస్థితి వేరు. రాత్రి స్వామి ఊరేగింపు బయలుదేరితే నాలుగు వీధులూ తిరిగి వచ్చేసరికి గంటలు గడుస్తాయి. కదలికకు మల్లారి, ఆగిన చోట రాగాలాపన, ఒక్కో మూలలో ఒక్కో రాగం, ఆపై పల్లవి. వినేవారు వీధి అరుగుల మీద నిద్ర మానుకొని కూర్చుంటారు. ఒకే రాగాన్ని గంటల తరబడి, చెప్పిన మాట మళ్లీ చెప్పకుండా విస్తరించే శక్తి ఆ వీధుల్లోనే తయారైంది. కీర్తన చుట్టూ రాగం తిరగడం కాక, రాగమే కచేరీ కావడం ఆ బాణీ ప్రాణం. చినమౌలానా సొంతం చేసుకున్నది దీన్నే. రాగాలాపన ఆయన కచేరీలకు గుండెకాయ అయింది. వేగం కోసం మాధుర్యాన్ని వదులుకోకుండా, నిండైన నాదంతో రాగాన్ని నెమ్మదిగా పెంచుకుంటూ పోయే విద్వాంసుడిగా ఆయనకు పేరు వచ్చింది. రాజరత్నం పిళ్ళై మార్గంలో నడిచిన వారిలో ఆయనను ముందు వరుసలో నిలబెట్టినవారు తమిళ రసికులే.

ఇందులో ఒక వైచిత్రి ఉంది. కావేరీ తీరంలో ఆయన ఊదినది ఎక్కువగా తెలుగు. తిరువయ్యారులో త్యాగరాజు రచించిన కీర్తనలు తెలుగువి. పుష్య బహుళ పంచమి నాడు అక్కడ జరిగే ఆరాధన మొదలయ్యేదీ నాదస్వరంతోనే. తంజావూరు నాయక రాజుల కాలం నుంచి ఆ నేల మీద సంగీతానికి తెలుగే ప్రధాన భాష. అర్థం తెలియకపోయినా తెలుగు సాహిత్యాన్ని శ్రద్ధగా వల్లెవేసి ఊదిన తమిళ విద్వాంసులెందరో అక్కడున్నారు. అలాంటి చోటికి మాతృభాష తెలుగైన మేళగాడు వెళ్లి, తన భాషలోని కీర్తనలను వారి బాణీలో నేర్చుకున్నారు. మాట తెలిసినవాడు ఊదినప్పుడు పదం ఎక్కడ విరగాలో, ఎక్కడ విరగకూడదో ఊపిరికి తెలుస్తుంది. పదం మధ్యలో గాలి తీసుకొని అర్థాన్ని ముక్కలు చేయడం సన్నాయిలో తరచు కనిపించే లోపం. తుత్తుకారంతో అక్షరాన్ని పలికించే ఈ వాద్యానికి సాహిత్య జ్ఞానం అలంకారం కాదు, అవసరం.

తెలుగు నేల నుంచి తరలిపోయిన సంగీతజ్ఞుల వరుస పెద్దదే. కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణకు మద్రాసు కార్యక్షేత్రమైంది. వారికి సభలు, రేడియో, సినిమా అనే ఆకర్షణలున్నాయి. చినమౌలానాను కదిలించినవి అవి కావు. ఆయన చివరికి స్థిరపడినది మహానగరంలో కాదు, ఒక గుడి చుట్టూ అల్లుకున్న ఊళ్లో.

కావేరి, కొల్లిడం నదుల మధ్య ద్వీపంలా ఉన్న శ్రీరంగం ఏడు ప్రాకారాల క్షేత్రం. బయటి ప్రాకారాల మధ్య వీధులు, ఇళ్లు, అంగళ్లు అన్నీ ఉన్నాయి. అక్కడ ఊరు, గుడి వేర్వేరు కావు. ఏడాది పొడవునా ఏదో ఒక ఉత్సవం. వైకుంఠ ఏకాదశి ముందు పది పగళ్లు, తరువాత పది రాత్రులు సాగే ఉత్సవానికి దేశం నలుమూలల నుంచీ భక్తులు వస్తారు. చినమౌలానా ఆ ఊరిని ఇల్లు చేసుకున్నారు. రంగనాథుని పట్ల ఆయన భక్తి అందరికీ తెలిసిన విషయం. ఆలయ ఆస్థాన విద్వాంసుడిగా గౌరవం పొందారు. అలాగని తన మతాన్ని వదులుకోలేదు, పేరు మార్చుకోలేదు. షేక్ చినమౌలానా సాహెబ్‌గానే శ్రీరంగంలో జీవించారు, ఆ పేరుతోనే పోయారు.

శ్రీరంగానికి ఇది పూర్తిగా కొత్త కాదు కూడా. ఢిల్లీ సుల్తాను కుమార్తె రంగనాథుని ఉత్సవమూర్తిని ప్రేమించి, విగ్రహం వెంట శ్రీరంగం దాకా వచ్చి స్వామిలో లీనమైందని అక్కడి ఐతిహ్యం. తెలుగువారికి తిరుపతి వెంకన్న కథలో బీబీ నాంచారి ఎలాగో, శ్రీరంగంలో తుళుక్క నాచ్చియార్ అలాగ. ఆలయంలో ఆమెకు సన్నిధి ఉంది. ఆమె కోసం స్వామికి గోధుమ రొట్టెలు నివేదన చేసే ఆచారమూ ఉంది. ఇంత ఐతిహ్యం ఉన్న క్షేత్రం ఒక ముస్లిం విద్వాంసుణ్ణి తనవాడిగా స్వీకరించడంలో ఆశ్చర్యం లేదని అనిపించవచ్చు. ఐతిహ్యాన్ని పూజించడం వేరు, పక్క వీధిలో మనిషితో కలిసి బతకడం వేరు. శ్రీరంగం ఆ రెండూ చేసింది.

ఉత్తరాదిన కాశీ విశ్వనాథుని ఆలయంలో, గంగ ఒడ్డున షెహనాయ్ సాధన చేసిన ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్‌తో చినమౌలానాను పోల్చడం సహజంగా జరిగేదే. ఇద్దరూ పొరుగూరి నుంచి క్షేత్రానికి చేరిన ముస్లిం కళాకారులు. ఇద్దరివీ పెళ్లి పందిళ్లకు, గుడి వాకిళ్లకు పరిమితమనుకున్న ఊదుడు వాద్యాలు. తేడా ఒక్కటుంది. షెహనాయ్‌ను కచేరీ వాద్యంగా నిలబెట్టడంలో బిస్మిల్లా ఖాన్ దాదాపు ఒంటరిగా దారి వేసుకున్నారు. నాదస్వరానికి ఆ దారి అప్పటికే పడింది. చినమౌలానా ఆ దారిలో తరువాత నడిచారు. కొత్తగా బాట వేయడం ఆయన ఘనత కాదు. పరాయిదైన బాటను, అందులో పుట్టినవారు సైతం తమదిగా అంగీకరించేంతగా స్వంతం చేసుకోవడం ఆయన ఘనత.

కచేరీలకు, సన్మానాలకు కొదవ లేకపోయింది. శ్రీలంక, అమెరికా, ఐరోపా దేశాల్లో ఆయన నాదస్వరం మోగింది. శ్రీలంకలోని తమిళ ప్రాంతాల్లో నాదస్వరానికి తంజావూరుతో పోటీపడే ఆదరణ ఉన్న సంగతి తెలిసిందే. అక్కడి శ్రోతను మెప్పించడం తేలిక కాదు. తమిళనాడు ప్రభుత్వం కలైమామణి బిరుదుతో, కేంద్ర ప్రభుత్వం 1977లో పద్మశ్రీతో సత్కరించాయి. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. సొంత గడ్డ నుంచి అందిన గుర్తింపుగా ఈ చివరిదానికి ప్రత్యేకత ఉంది. తెలుగు జిల్లాలు వదిలి వెళ్లిన చాలా ఏళ్లకు, తమిళ విద్వాంసుడిగానే లోకం ఆయనను ఎరిగిన కాలంలో అది వచ్చింది.

1998 సంవత్సరానికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనను సంగీత కళానిధి బిరుదుకు ఎంపిక చేసింది. కర్ణాటక సంగీత లోకంలో అంతకు మించిన గౌరవం లేదని విద్వాంసుల భావన. ఆ బిరుదు పొందేవారు ఆ ఏటి సంగీతోత్సవానికి అధ్యక్షత వహించడం అక్కడి సంప్రదాయం. గాయకులకు, వైణికులకు, వయొలిన్, మృదంగ విద్వాంసులకు తరచుగా దక్కిన ఆ బిరుదు నాదస్వరం దాకా వచ్చింది చాలా అరుదు. 1956లో తిరువీళిమిళలై సుబ్రహ్మణ్య పిళ్ళైకి దక్కింది. నాదస్వరానికి వేదిక మీద ఆసనం సాధించిన రాజరత్నం పిళ్ళైకి అది ఎన్నడూ దక్కలేదు. సభల్లో నాదస్వరం చాలాకాలం ప్రారంభోత్సవపు మంగళవాద్యంగానే మిగిలిపోయింది. హాలు నిండకముందే, ప్రముఖులు వచ్చి కూర్చోకముందే ముగిసే అంశం అది. ఉత్సవాన్ని మొదలుపెట్టడానికి పిలిచే వాద్యకారుడిని ఉత్సవానికే అధ్యక్షుడిగా కూర్చోబెట్టడం అకాడమీ చరిత్రలో చిన్న సంగతి కాదు. రాజరత్నం పిళ్ళై బాణీకి చెల్లించాల్సిన బాకీలో కొంత, ఆయనను దూరం నుంచి విని మురిసిన కరవది కుర్రవాడి చేతికి అందిందని అనుకోవచ్చు. అప్పటికి ఆ కుర్రవాడి వయసు 74 ఏళ్లు. ఆ తరువాత ఆయన బతికినది కొద్ది నెలలే.

శ్రీరంగంలో ఆయన నెలకొల్పిన శారద నాదస్వర సంగీత ఆశ్రమం గురించి చెప్పుకోవాలి. పరాయి ఇంట గుట్టు విద్య నేర్చుకున్న మనిషి, తన వంతు వచ్చినప్పుడు ఆ గుట్టును విప్పి పంచారు. నాదస్వరం నేర్చుకోవాలంటే ఏళ్ల తరబడి రోజుకు గంటల కొద్దీ సాధన కావాలి. తెల్లవారుజామునే మొదలయ్యే ఆ సాధన ఇరుగుపొరుగుకు వినిపించకుండా చేయడం కుదరదు. అద్దె ఇళ్లలో, ఇరుకు వీధుల్లో అది సాగదు. చదువులు, ఉద్యోగాల పోటీలో ఆ సహనం ఉన్న పిల్లలు, ఆ పిల్లలను పంపే తల్లిదండ్రులు తగ్గుతూ వచ్చారు. పెళ్లిళ్లలో సన్నాయికి బదులు బ్యాండు, బ్యాండుకు బదులు రికార్డు చేసిన గట్టిమేళం వచ్చాయి. ఇలాంటి కాలంలో గురుకులం నడపడం ఎదురీతే. ఆయన నేర్పిన వారిలో సొంత మనుమలు కాసిం, బాబు ఉన్నారు. తాత దగ్గరే నేర్చుకొని, జంటగా కచేరీలు చేస్తూ ఆ సోదరులు ఆయన బాణీని నిలబెడుతున్నారు.

ఆయన శిష్యుల్లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతుల ప్రస్థానం మరింత ఆసక్తికరం. వారిదీ ప్రకాశం ప్రాంతపు తెలుగు ముస్లిం నాదస్వర వంశమే. వారూ సొంత గడ్డ మీద పునాది వేసుకొని, తంజావూరు బాణీ కోసం శ్రీరంగంలోని చినమౌలానా వద్దకు చేరారు. ఒకప్పుడు ఆయన నాచ్చియార్‌కోయిల్ దాకా వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చిన విద్యను, వారు తెలుగులో అడిగి తెలుగులో నేర్చుకోగలిగారు. అంతకంటే గమనించదగిన విషయం కాలీషాబీ చేత నాదస్వరం ఉండటం. ఊపిరి బలం మీద ఆధారపడిన ఈ వాద్యం ఆడవారికి తగినది కాదనే మాట చాలా కాలంగా ప్రచారంలో ఉంది. గుడి ఊరేగింపుల్లో, పెళ్లి మేళాల్లో ఊదే స్త్రీలు చాలా అరుదు. భర్త పక్కన కూర్చొని సమానంగా రాగం పంచుకుంటూ ఆమె చేసే కచేరీ ఆ మాటను పక్కన పెట్టింది. 2020లో కేంద్ర ప్రభుత్వం ఆ దంపతులిద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించింది. గురువుకు అదే పురస్కారం వచ్చి అప్పటికి 43 ఏళ్లు. పురస్కారాల జాబితాలో వారి రాష్ట్రం పేరు తమిళనాడు అని ఉంది.